కురవి పక్క తండాకు, అమ్మ నడిపిన బాల్వాడి కోసం

మా అమ్మ నోట ప్లేస్కూల్ అనే మాట రాదు. భూపాలపల్లిలో నా కూతుర్ని రోజూ అక్కడ దింపి వస్తూ, ఎదురైన వాళ్లందరితో "బిడ్డను బాల్వాడికి తోలొచ్చిన" అంటుంది. ఆ మాటకు అర్థమేంటని మొన్న అన్నం తింటూ అడిగాను. ఆగుతానా, "పిల్లల వాడ అయ్యుంటుంది" అని తీర్పు కూడా నేనే చెప్పేశాను. అమ్మకు సర్రున కోపం వచ్చింది. "వాడ గాదే, వాడి! గుజరాత్ దిక్కు వాడి అంటే తోటనట. పిల్లల తోట. మాకు ట్రైనింగుల చెప్పిన్రు. అంగన్‌వాడీ అన్న పేరు తర్వాతొచ్చింది. అంగన్ అంటే వాకిలి." పెళ్లికి ముందు అమ్మ కురవి దగ్గర ఒక తండాలో బాల్వాడి పంతులమ్మ. అక్కడ పిల్లలకు వండిపెట్టిన ఆయా పేరు మంగ్లి. ఫోన్లు లేని కాలం కదా, పెళ్లయ్యాక ఇద్దరికీ కబురే లేదు. "ఉన్నదో లేదో" అని అమ్మ గొంతు తగ్గించేసరికి నాకు హుషారొచ్చింది. "పద, పోయి చూద్దాం!" అన్నాను. "పోయినంక నన్ను గుర్తువట్టకపోతే?" అంది.

ఉదయం ఆరున్నరకు భూపాలపల్లిలో హన్మకొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టే. రెండు గంటల ప్రయాణం. హన్మకొండ నుంచి ఆటోలో వరంగల్ స్టేషన్‌కు వెళ్లి మహబూబాబాద్ రైలెక్కాం. జనరల్ టికెట్ మనిషికి యాభై లోపే, గంట పైన పడుతుంది. అమ్మ ఇస్త్రీ చీర నలగకుండా కిటికీ పక్కన బిగుసుకుని కూర్చుంది. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే మేనమామ ఇంట్లో పెరిగిన మనిషి. "మామ మంచోడే గని, పెండ్లయినంక ఆ ఇంటికి పోతే నాల్గొద్దులు ఉండుమన్నోళ్లు లేరు" అంది ఉన్నట్టుండి.

మహబూబాబాద్ స్టేషన్ బయట వేడి మిర్చీలు తిని, రానుపోను నాలుగు వందలకు ఆటో మాట్లాడాం. "ఏ తండా అవ్వా? గీ దిక్కు అన్నీ తండాలే" అన్నాడు ఆటో అన్న. "వీరన్న గుడి దాటినంక ఎడమకు. మోటబావి ఉంటది." "మోటబావా! ఇంకేడున్నయవ్వా, అంతట బోర్లే." ఇద్దరూ వాదులాడుకుంటూనే తండా కనుక్కున్నారు. ఎట్టకేలకు చేరామని నేనైతే ఆటో ఆగకముందే దిగబోయాను!

అమ్మ చెప్పిన బాల్వాడి గుడిసె లేదు. దాని జాగాలో రంగుల బొమ్మలేసిన అంగన్‌వాడీ భవనం ఉంది. అమ్మ ముఖం వాడిపోయింది. అక్కడి టీచరమ్మ తండా పిల్లే. సంగతి విని, "మంగ్లి అవ్వనా? గా ఇంట్లనే ఉంటది" అని తానే వెళ్లి పిలుచుకొచ్చింది. అమ్మయ్య, ఉంది!

మంగ్లి అవ్వ వచ్చింది. అమ్మను తేరిపార చూసింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, అమ్మ మెడ చుట్టూ చేతులేసి గొల్లుమంది. మామూలు ఏడుపు కాదు, రాగం తీస్తూ లంబాడీలో పాట! అయ్యో, ఎవరో పోయిన ఇంటికి మిర్చీలు తిని నవ్వుకుంటూ వచ్చామే అనుకుని, "ఎవరు పోయిన్రు?" అంటూ అమ్మను పక్కకు లాగబోయాను.

టీచరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆపకు అక్కా! ఎవ్వరు పోలె. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డను మావోళ్లు గిట్లనే పలకరిస్తరు. గిన్నేండ్ల కష్టసుఖాలు పాటలనే చెప్పాలె."

"ఏమంటున్నది?"

"చెల్లే, ఏడికి పోయినవే, నీ తొవ్వ చూసి చూసి నా కండ్లు కాయలు కాసినయ్ అంటున్నది."

అమ్మకు లంబాడీ అర్థమవుతుందని నాకు అప్పుడే తెలిసింది. పాట రాదు కాబట్టి ఉత్తగానే వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు! ఆ తర్వాత జొన్నరొట్టె, కోడికూర. ఇద్దరు ముసలమ్మల నవ్వులకు అంగన్‌వాడీ పిల్లలు గుమ్మంలో గుంపుకట్టారు.

బాల్వాడి అర్థం తెలిసిందని ఎగురుకుంటూ వెళ్లాను. తోట అన్నది మంచి మాటే, నాకు భలే నచ్చింది. కానీ తిరుగు రైలులో అమ్మ దాని ఊసే ఎత్తలేదు. ముడతలు పడ్డ చీర సర్దుకుంటూ, "దసరాకు రమ్మన్నదే. అక్క పిలిచినంక పోకుంటే బాగుండదు" అంది, ఎన్నేళ్లుగానో పుట్టింటికి పోయి వస్తున్న మనిషిలా.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. తండాలో ఎవరైనా మీ మెడ చుట్టుకుని ఏడుపుపాట అందుకుంటే, ఎవరు పోయారని మాత్రం అడక్కండి. తిరుగు రైలు కాస్త ఆలస్యంగా ఉన్నదే చూసుకోండి, ఆ పాట మధ్యలో లేచి రాలేరు.