గుంటుపల్లి గుహలో ఖాళీ మరచెంబు

నిన్న పెదమీరం జైన మందిరం దగ్గర ఒకావిడ ఇత్తడి మరచెంబు మూత తిప్పుతుంటే, ఈ వయసులోనూ అందులో నీళ్లున్నాయో లేదోనని తొంగిచూశాను. మీ ఇళ్లలోనూ ఉండేదిగా, నీళ్లకు తన వాసన పట్టించే ఆ చెంబు?

నా చిన్నప్పుడు నాన్నగారి జ్వరం తగ్గాలని మొక్కుకుని, గుంటుపల్లి గుహలో శివలింగమని తను నమ్మే గుండ్రాయికి అభిషేకం చేయడానికి మామ్మ అలాంటి చెంబులోనే గోదావరి నీళ్లు తెచ్చింది. కొండెక్కుతూ దాహానికి నేను తాగేశాను. ఇక నాన్నగారికి ఏమవుతుందోనని మెట్టుమెట్టుకీ భయపడ్డాను.

"అది శివుడు కాదే, బౌద్ధ స్తూపం," అన్నారు గుహలోకి రాగానే బడిపంతులైన తాతగారు, ఎప్పటిలాగే.

"మీ బళ్ళో చెప్పుకోండి," అంటూ మామ్మ మూత తీసింది. ఖాళీ చెంబును చూసి, నన్ను చూసింది. నేను బావురుమన్నాను.

"ఏడవకే, మీ నాన్నకేం కాదు. తాతగారు చెప్పింది నిజమే, ఈయన బుద్ధుడు. ఈయనకి అభిషేకాలు అక్కర్లేదు."

వాళ్ళ కాపురం మొత్తంలో తాతగారు వాదనలో నెగ్గింది ఆ ఒక్కసారే.