వాన రాదన్న టీచరుగారు

మా పక్కింటి టీచరుగారు పోయిన మంగళవారం కన్నుమూశారు. పొద్దున డాబా మీద బట్టలు ఆరేస్తుంటే పిట్టగోడ అవతలి నుంచి వాళ్ల కోడలు, "అత్తమ్మ వెళ్లిపోయారక్కా" అంది. నిద్రలోనే పోయారట. తడి చీర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తలెత్తితే ఆకాశం సగం ఎండ, సగం మబ్బు. ఇలాంటి పూట ఆమెను అడగకుండా మా వీధిలో ఎవరూ బట్టలు ఆరేసిన పాపాన పోలేదు.

టీచరుగారు రేపల్లె బడిలో సోషల్ చెప్పేవారు. రోజూ తెనాలి నుంచి రైల్లో వెళ్లి వచ్చేవారు. కిటికీ పక్క సీటు మాత్రం ఎవరికీ ఇచ్చేవారు కాదట. రిటైరయ్యాక కిటికీ పోయి ఆకాశమంతా ఆమెకే దక్కింది. కాఫీ గ్లాసుతో డాబా ఎక్కి, హాజరు వేసినట్టు మబ్బుల్ని పేరు పెట్టి పిలిచేవారు.

"అదుగో అమ్మాయ్, ఈకల్లా ఉన్నాయే, అవి సిర్రస్. మాటలే గానీ చేతల్లేవు. ఇటు దూది కుప్పలు క్యుములస్, బుద్ధిమంతులు. నల్లగా మొహం పెట్టుకుని వెనక బెంచీలో కూర్చుందే, అది నింబస్. దాని మీద ఓ కన్నేసి ఉంచాలి."

పేర్లు ఏనాడూ తప్పలేదు. తప్పేదల్లా జోస్యమే. అందులోనూ ఫాల్గుణ, చైత్ర మాసాల్లో మా వైపు వాతావరణం కొత్త కోడలి మనసు లాంటిది. పొద్దున మంచు, మధ్యాహ్నం మాడ్చే ఎండ, సాయంత్రానికి మామిడి పిందెలు రాల్చే గాలివాన. ఆమె ఎండ కాస్తుందంటే నమ్మి నేను పెట్టిన వడియాలు మళ్లీ పిండైపోయాయి. వాన పడుతుందంటే నమ్మి గొడుగు పట్టుకెళ్లిన మా వారు, ఎండకి తెచ్చుకున్నానని బజారంతా చెప్పుకోవాల్సి వచ్చింది. పోనుపోను వీధి వీధంతా ఆమె మాటను తిరగేసి వాడుకోవడం నేర్చుకుంది. ఆమెకు మాత్రం ఆ సంగతి తెలియదు. అందరూ తనను అడగనిదే గడప దాటరని మురిసిపోయేవారు.

ఒక ఈస్టరుకి వాళ్ల చర్చివాళ్లు బాపట్ల సముద్రం ఒడ్డున సూర్యోదయ ప్రార్థన పెట్టుకున్నారు. వాన భయం ఉందా అని పాస్టరుగారు ఆమెను అందరి ముందూ అడిగారు. "చుక్క పడదండి. పూచీ నాది" అన్నారు టీచరుగారు.

నాది ఆ చర్చి కాకపోయినా సముద్రం మీద ఆశతో నేనూ బస్సెక్కాను. బస్సు బయల్దేరబోతుండగా ఆమె వెనక్కి తిరిగి చూశారు. ప్రతివాళ్ల చంకలోనూ గొడుగు.

"ఇదేంటి? వాన రాదని చెప్పానుగా?"

ముందు సీట్లో ముసలమ్మగారు మొహమాటపడుతూ, "మీరు చెప్పారనే తెచ్చుకున్నామండి, టీచరమ్మగారూ" అంది.

ఆ పైన బాపట్ల దాకా ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఒడ్డున మొదటి పాట అందుకోగానే వాన దిగింది. గొడుగులన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి. గొడుగు లేనిది ఆమె ఒక్కరికే. నా గొడుగు కిందికి రమ్మంటే, కళ్లద్దాల మీంచి నీళ్లు కారుతుండగా, "ఇది వాన కాదు, మంచు" అన్నారు. ప్రార్థన అయ్యేదాకా ఆ మంచులోనే తడిసి ముద్దయ్యారు.

తర్వాత ఆమె డాబా ఎక్కడం మానేశారు. పలకరిస్తే కూర ఏం చేశావని తప్ప మరో మాట లేదు. బాధ పడుతున్నారని తెలుస్తూనే ఉంది, ఏం చెప్పి ఓదార్చాలో తెలియలేదు. మా వీధి పని కూడా అన్యాయమైపోయింది. తిరగేసుకోవడానికైనా ఒక మాటుండాలి కదా!

అలా ఉండగా ఒకరోజు, నేను వాళ్లింట్లో ఉన్నప్పుడే, నందివెలుగు నుంచి ఒక రైతు వచ్చాడు. చిన్నప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడు. కోసిన మొక్కజొన్నంతా రోడ్డు వార ఆరబోసి ఉందట. పట్టాలు కప్పితే గింజ ఉక్కిపోతుంది, కప్పకపోతే ఎక్కడ తడుస్తుందోనని భయం.

"ఏదో ఒకటి చెప్పండి టీచరుగారూ."

"నా మాట తిరగేసి వింటారటగా. ఫోన్లో చూసుకో, పో."

"ఫోను ఒకరోజు కరెక్టు, ఒకరోజు తప్పండి. దాన్నెలా నమ్మమంటారు? మీరైతే ఎప్పుడూ ఒకే రకమండి."

అతని మొహంలో వెటకారం లేదు. పంటంతా రోడ్డు మీద పెట్టుకున్నవాడికి వెటకారం ఎక్కణ్ణుంచి వస్తుంది? టీచరుగారు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, భుజాలు ఊగిపోయేలా నవ్వారు. లేచి డాబా ఎక్కారు. వెనకే అతనూ, నేనూ ఎక్కాం. ఆకాశం నాలుగు వైపులా చూసి, "వాన రాదు, పో" అన్నారు. మాట పూర్తయ్యేలోపే అతను పట్టాల కోసం మెట్లు దిగి పరుగెత్తాడు.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. తెరిపివ్వగానే ఆమే అతనికి ఫోను చేశారు. "తడిసిందిరా?"

"ఒక్క గింజ కూడా తడవలేదండి. అంతా మీ చలవేనండి."

ఫోను పెట్టేసి నా వైపు తిరిగారు. "చూశావా అమ్మాయ్, నన్ను నమ్మినవాడు చెడిపోలేదు." ఆ మర్నాటి నుంచి మళ్లీ కాఫీ గ్లాసు డాబా ఎక్కింది. తప్పినప్పుడల్లా తనే నవ్వేవారు. "పుస్తకంలో మబ్బు కదలదమ్మాయ్. అక్కడైతే నాకు నూటికి నూరు" అనేవారు.

సమాధి కార్యక్రమం మధ్యాహ్నం పెట్టారు. షామియానా వేయించాలా వద్దా అని పాస్టరుగారూ, వాళ్లబ్బాయీ తేల్చుకోలేకపోయారు. నందివెలుగు రైతూ వచ్చాడు. మట్టి వేసి నా పక్కన నిలబడి, పైకి చూస్తూ మెల్లగా, "వస్తుందంటారా అండీ?" అన్నాడు. నాకేం తెలుసు! నేనూ పైకి చూశాను. మమ్మల్ని చూసి పక్కవాళ్లు, వాళ్లను చూసి ఇంకొకళ్లు. అందరం తలలెత్తి నిలబడ్డాం. ఒక మబ్బు నీడ సమాధుల మీదుగా జారుకుంటూ వచ్చి, కొత్త మట్టిని ఓసారి చల్లగా కప్పి, ప్రహరీ గోడ దాటి, రేపల్లె రైలు పట్టాల మీదికి వెళ్లిపోయింది.