టైరుకు అంటిన తెలుపు

మా ఊరి తిరునాళ్లలో ట్రాక్టర్ రివర్స్ పోటీకి తీర్పు చెప్పే పని నాది. ట్రాలీ తగిలించిన ట్రాక్టరును రెండు ముగ్గు గీతల మధ్య వెనక్కి నడపాలి. టైరు గీతను తాకితే పది సెకన్లు కలుపుతాం. దుమ్ము తగ్గి గీత కనబడేదాకా ఆగే ఓపిక నాకుండేది కాదు. బండి ఆగగానే టైరు చూసేవాణ్ణి. తెల్లగా ఉంటే తాకినట్టే.

ఒక ఏడు మంగంపేట డ్రైవరు అందరికంటే తక్కువ సమయంలో ముగించాడు. ట్రాలీ టైరు తెల్లగా ఉంది. పది సెకన్లు కలిపామని మైకులో చెప్పేశాను. మొదటి స్థానం మా ఊరివాడికి వచ్చింది.

"గని కాడ ముగ్గురాయి తోలి నేరుగా ఈడికే వచ్చినానప్పా. అన్ని టైర్లూ సూడు, తెల్లగానే ఉండాయి," అన్నాడతను.

చూశాను. నిజమే. దుమ్ము తగ్గాక గీత కూడా చూశాను. ఎక్కడా చెరగలేదు. అయినా మైకులో చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం నామోషీ అనిపించింది. "రూలంటే రూలే, పో," అని కసిరాను.

మరుసటి ఏడు అతను మళ్లీ వచ్చాడు. నా ఎదుటే టైర్లన్నీ నల్లగా తేలేదాకా కడిగాడు. తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగాడు:

"ఈసారన్నా గీత సూస్తావా అప్పా?"