మురుకు ఆంటీ నోరు మూసుకున్న రోజు

నాకు కుదురు లేదు. ఈ మాట మొదట మా అమ్మ తెలుగులో అంది. తర్వాత మా ఊళ్ళో, మలయ్ దేశపు సుంగై పెటానిలో, మా బడి టీచరు మలయ్‌లో అంది. ఇప్పుడు మా అమ్మాయి ఇంగ్లీషులో అంటోంది. ముగ్గురూ మూడు భాషల్లో ఒకే మాట మీద నిలబడ్డారు. ఎక్కడా నిలబడలేనిది నేనే.

మా బడిలో ఆడపిల్లలకున్న ఆట నెట్‌బాల్. అందులో బంతి చేతికొచ్చాక పాతేసిన గుంజలా ఉన్నచోటే ఉండి ఇంకొకరికి అందించాలి. నాకు బంతి అందిన ప్రతిసారీ విజిల్ మోగేది. చివరికి ఆటల టీచరు విసిగిపోయి, ఆ విజిలేదో నా చేతికే ఇచ్చి గీత బయట నిలబెట్టింది. ఆటగత్తెని కాబోయి అలా ప్రేక్షకురాలినయ్యాను.

బాస్కెట్‌బాల్ నాకు ప్రసూతి సెలవులో అంటుకుంది. మా తాత రబ్బరు తోటలో కిరాణి, అంటే గుమస్తా. నేను పట్నంలో, బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేటలో, ఒక లాయరు గారి దగ్గర గుమస్తాని. కాగితాలు పట్టుకుని కోర్టుకీ ఆఫీసుకీ తిరిగే ఉద్యోగం గనక నా కాళ్ళకి సరిపోయింది. అమ్మాయి పుట్టాక మూడు నెలలు ఇంట్లో కూర్చోమన్నారు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ఒక పొద్దున టీవీ పెడితే అమెరికా కాలేజీ కుర్రాళ్ళు ఆడుతున్నారు. వాళ్ళ రాత్రి మన పొద్దున్న కదా. చెక్క నేల మీద బూట్లు కీచుకీచుమంటుంటే ఒళ్ళో ఏడుస్తున్న పిల్ల టక్కున ఏడుపు ఆపింది. జోలపాటకి లొంగని పిల్ల బూట్ల చప్పుడుకి నిద్రపోయింది. ఆ నిద్ర కోసం రోజూ పెట్టాను. పిల్ల ఎదిగింది, నాకు పిచ్చి ముదిరింది.

ఇప్పటికీ మార్చి నెల వస్తే మేముండే క్లాంగ్ నుంచి ఆఫీసుకెళ్ళే కొమ్యూటర్ రైల్లో ఫోను ముఖానికి ఆనించుకుని ఆ అమెరికా కాలేజీ పోటీలే చూస్తాను. ఒక్క ఆట ఓడితే ఇంటికే. రెండో అవకాశం లేదు. చివరి ఏడాది పిల్లవాడైతే ఇల్లొక్కటే కాదు, ఆట కూడా అయిపోయినట్టే. విజిల్ మోగగానే జెర్సీని ముఖం మీదకి లాక్కుని ఏడుస్తారు. రైల్లో ఎదురుగా కూర్చున్న మలయ్ పెద్దాయన ఒకసారి నా కళ్ళు చూసి టిష్యూ ఇచ్చాడు. ఇంట్లో ఎవరో పోయారనుకున్నాడు పాపం. నిజమే, పోయారు. రెండో రౌండులో.

మా ఆఫీసులో నా పక్క సీటు తమిళ ఆవిడకి సినిమా తారల పిచ్చి. ఎవరు ఏ విమానాశ్రయంలో ఏ కళ్ళజోడుతో దిగారో చెప్పందే ఆవిడకి టీ దిగదు. ఆవిడతో నాకు రోజూ వాదన. "మీ హీరోలు అరవై ఏళ్ళొచ్చాక కాలేజీలో చేరతారు. మా కుర్రాళ్ళు ఇరవై రెండుకే కాలేజీ వదిలి వెళ్ళిపోతారు. ఎవరి కోసం ఏడవాలో నువ్వే చెప్పు," అంటాను. మాటకేం, బాగానే అంటాను. ఆ మధ్య నగల షాపు తెరవడానికి ఒక పెద్ద నటుడు బ్రిక్‌ఫీల్డ్స్ వస్తే, కోర్టు కాగితాలు చంకలో పెట్టుకుని జనంలో గంటన్నర తోపులాడింది కూడా నేనే. నాకు దక్కింది ఆయన మోచెయ్యి. మంచి మోచెయ్యే.

ఇంతలో మా అమ్మాయి కాలేజీలో చేరి బాస్కెట్‌బాల్ జట్టులోకి వెళ్ళింది. పదకొండో నంబరు. బుట్టలో బంతి వేసే పిల్ల కాదు, వేసేవాళ్ళని వేయనివ్వని పిల్ల. అలాంటి ఆటకి చప్పట్లు తక్కువ. అందుకని ఆ లోటు నేనే భర్తీ చేసేదాన్ని. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు. అన్నం ఇంగ్లీషులో అడుగుతుంది, కోపం మాత్రం తెలుగులో పడుతుంది. ఆటలో ఆ తెలుగు మా ఇద్దరికీ రహస్య భాష. చుట్టూ చీనా పిల్లలు, మలయ్ పిల్లలు, తమిళ పిల్లలు. నేను ప్రేక్షకుల మెట్ల మీంచి "బేగెల్లే!" అంటే పరిగెత్తేది, "ఎనక సూడు!" అంటే తిరిగేది, "ఒగ్గేయ్!" అంటే వదిలేసేది. అవతలి జట్టుకి అంతు చిక్కేది కాదు. కోచ్ గారికి కూడా చిక్కేది కాదనుకోండి.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఈ ఏడాది ఒక ఆటలో నాకు రెండూ ఒకేసారి జారాయి. మెట్ల మీద నిలబడి, చేతిలో డబ్బాతో, "ఓలమ్మో, ఎనక సూడే గుంటా! అదొచ్చేస్తంది!" అని గట్టిగా అరుస్తూ ఒక మెట్టు తప్పాను. నన్ను పక్కవాళ్ళు పట్టుకున్నారు. డబ్బాని పట్టుకున్నవాళ్ళు లేరు. మనం ఇంట్లో జంతికలంటాం, ఇక్కడ అందరికీ మురుకులే. ఆ మురుకులన్నీ ఆట మధ్యలోకి చక్రాల్లా దొర్లుకుంటూ వెళ్ళాయి. ఆట ఆగింది. రిఫరీ చీపురు తెప్పించాడు. ఎవరో వీడియో తీశారు.

సాయంత్రానికి నేను "మురుకు ఆంటీ"ని. ఎవరో పుణ్యాత్ములు నా అరుపుల కింద మలయ్‌లో అనువాదం కూడా వేశారు. మా రహస్య భాష కాస్తా జాతీయ భాష అయిపోయింది.

సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది. కానీ పడలేదు. అరిటాకు భోజనం పెట్టే హోటల్లో క్యాషు దగ్గర కుర్రాడు నా ఆకులో ఒక అప్పడం ఎక్కువ వేయించాడు. రైల్లో ఇద్దరు ఆడపిల్లలు సెల్ఫీ అడిగారు. నేను "అయ్యో, నాతో ఏటమ్మా," అంటూనే జుట్టు సర్దుకున్నాను. పక్క సీటు ఆవిడ నన్ను తన తారల జాబితాలో చేర్చింది. మా తెలుగు సంఘం పెద్దాయన ఫోను చేసి ఉగాది సభలో శాలువా కప్పుతామన్నాడు. "నేనేటి సేసినానండీ?" అన్నాను. "సేసినారు కదమ్మా, మురుకులు," అన్నాడాయన, చాలా గౌరవంగా. ఏ రంగు శాలువా అని అడగబోయి ఆగాను.

ఆ ఆదివారం అమ్మాయి హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. జట్టు ఫైనల్‌కి వెళ్ళింది, చివరి ఏడాది, చివరి ఆట. నేను ఫోను చూపించి, "సూడే, మన వీడియో కింద ఇంకా ఎవరెవరో రాస్తన్నారు," అన్నాను.

దాని ఫోను అది నాకు చూపించింది. కాలేజీ వాళ్ళు జట్టు ఫొటో పెట్టారు. కింద అందరూ అడిగింది ఒకటే: మురుకు ఆంటీ ఎక్కడ? ఫైనల్‌కి మురుకు ఆంటీ వస్తుందా?

"నాలుగేళ్ళు ఆడినానమ్మా," అంది. తెలుగులో అంది. ఎప్పుడూ ఊగే నా కాలు ఆగింది. "నాలుగేళ్ళు. నా నంబరు ఏటో ఒక్కడికీ తెలీదు. నీకు ఒక్క డబ్బా మురుకులు సాలినాయి."

"నానేటి కావాలని సేసినానా?"

"కావాలని సేయలేదు. కానీ నీకు నచ్చింది కదా?"

నా ఫోను తీసి బోర్లా పెట్టాను.

"లాస్ట్ గేమ్‌కి రావద్దమ్మా. ప్లీజ్ లా," అని, ఇక్కడందరూ మాట చివర తగిలించే "లా" కూడా తగిలించి, లేచి వెళ్ళిపోయింది.

ఫైనల్ శనివారం మధ్యాహ్నం. ఆ పొద్దుటి నుంచి హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరిగాను. మా ఆయన పోర్ట్ క్లాంగ్‌లో ఒక గోదాములో సూపర్‌వైజరు. కంటైనర్లు దించే క్రేను ఎంత నిదానమో ఆయనా అంత నిదానం. పేపరు దించి, "ఏటే, ఇల్లు కొలుస్తన్నావు? రంగులేయిస్తావేటి?" అన్నాడు.

"ఏటండీ, అది మ్యాచ్‌కి రావద్దంది కదా. కారు పార్కింగుకి రావద్దనలేదు కదా?"

ఆయన పేపరు మడిచి, "ఇలాటి పాయింట్లు మీ లాయరే సెప్తాడేటి?" అని తాళాలు తీసుకున్నాడు.

ముఖానికి మాస్కు, నల్ల కళ్ళజోడు, ఆయన టోపీ. విమానాశ్రయంలో తారలు ఇలాగే ఉంటారని పక్క సీటు ఆవిడ వందసార్లు చూపించింది. కనపడకుండా ఉండటానికి వాళ్ళు పెట్టుకునేవన్నీ పెట్టుకుంటే అందరూ తిరిగి చూస్తారని దారిలో టోల్ దగ్గరే తెలిసింది. మా ఆయన దర్జాగా డ్రైవరులా కూర్చున్నాడు.

కాలేజీ హాలు పక్కనే కారు ఆపాం. గోడకి పైన కటకటాల కిటికీలు. లోపల్నుంచి చప్పట్లు, విజిలు, బూట్ల కీచుకీచు. ఆ చప్పుడుకి నిద్రపోయే పిల్ల ఇప్పుడా చప్పుడు చేస్తోంది. నాకు కనపడదు. మొదటి సగమంతా సీటు బెల్టు పెట్టుకునే కూర్చున్నాను, నన్ను నేను కట్టేసుకోవడానికి.

రెండో సగంలో గోడ అవతల్నుంచి ఒక గొంతు వినిపించింది. చీనా పిల్ల గొంతు, సన్నగా, గట్టిగా.

"ఏనా సూడు! ఏనా సూడు!"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. ఇంకో గొంతు, ఈసారి మలయ్ పిల్లది కాబోలు, "బేగెల్లే!" అంది. ఆ తర్వాత మా అమ్మాయి గొంతు, "ఒగ్గేయ్! ఒగ్గేయ్!" ఇంట్లో ఒక్క పూట కూడా ఆ నోట రాని మాట. జట్టు మొత్తానికి నేర్పింది. నాకు చెప్పలేదు. రహస్య భాష నాకే రహస్యమైంది.

బెల్టు తీశాను. "మాట తప్పేస్తన్నావే," అన్నాడాయన. "నోరిప్పను," అని దిగి కారు తలుపు వేశాను.

హాలు తలుపు దగ్గర గుంపులో నిలబడ్డాను. పదకొండో నంబరు అవతలి జట్టులో పొడుగాటి పిల్లని నీడలా పట్టుకుని ఉంది. ఆ పిల్ల ఎటు తిరిగితే అటు. దానికి దారే ఇవ్వడం లేదు. నా నోట్లో మాటలు తోసుకుంటున్నాయి. మాస్కు మీంచి నోరు మూసుకున్నాను, రెండు చేతులతో. ఆఖరి క్షణాల్లో పొడుగాటి పిల్ల ఇంకో పిల్లకి బంతి అందించింది, ఆ ఇంకో పిల్ల వేసేసింది. ఒక్క బుట్ట తేడా. విజిల్.

చివరి ఏడాది పిల్లలు అప్పుడేం చేస్తారో ఎన్ని మార్చి నెలలు చూశానో. మా అమ్మాయి జెర్సీ ముఖం మీదకి లాక్కోలేదు. దొర్లిపోతున్న బంతి వెనకాల నడిచి వెళ్ళి, వంగి తీసి, రెండు చేతులతో రిఫరీకి ఇచ్చింది. బంతి ఇచ్చేశాక కూడా ఆ చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి.

కళ్ళు తుడుచుకోవాలంటే కళ్ళజోడు తీయాలి. తీశాను.

"ఆంటీ! వీడియోల నీంగదానే? మురుకు ఆంటీ?"

తిరిగి చూస్తే అవతలి జట్టు పొడుగాటి పిల్ల. తమిళ పిల్ల. వీడియోలో ఉన్నది మీరే కదా అంటోంది. గెలిచిన చెమట ఇంకా ఆరలేదు, ఫోను అప్పుడే బయటికి తీసింది. దాని భుజం అవతల, పది అడుగుల దూరంలో, సంచీ తగిలించుకుని మా అమ్మాయి. నన్ను చూసేసింది. కనుబొమలు కదపకుండా చూస్తోంది.

టోపీ తీసి చేతిలో పట్టుకున్నాను. నా కాలు, ఎందుకో, కదల్లేదు.

"కాదమ్మా," అన్నాను తమిళంలో. "అందరూ అలాగే అంటున్నారు. నేను పదకొండో నంబరు వాళ్ళ అమ్మని."

ఆ పిల్ల ఫోను దించింది. "పదకొండా? అయ్యో ఆంటీ! ఆ అక్క నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు! ఆట మొత్తం! మా కోచ్ వారం రోజులు ఆ అక్క వీడియోలే చూపించారు మాకు," అంది. తర్వాత వెనక్కి తిరిగి చూసి, నాలుక కరుచుకుని, "అక్కా, ఒక సెల్ఫీ?" అంది.

ఇద్దరూ దిగారు. ఫొటో తీసింది నేను. మొదటిది చెడింది, రెండోది బాగానే వచ్చింది. తీసేటప్పుడు నా మోచెయ్యి కూడా అందులో పడలేదు, చూసుకున్నాను.

ఆ పిల్ల వెళ్ళిపోయాక మా అమ్మాయి నా చేతిలోని టోపీని, మెడకి వేలాడుతున్న మాస్కునీ చూసింది. రావద్దన్నదాన్ని వచ్చాను. ఏమన్నా పడటానికి సిద్ధంగానే ఉన్నాను.

"అమ్మా," అంది తెలుగులో. వెంటనే భయపడ్డాను, అలవాటు కదా. "ఆకలేస్తంది. మురుకులు తెచ్చినావా?"

"కారులో ఉన్నాయే."

సంచీ నా భుజానికి తగిలించి ముందు నడిచింది. కారు దగ్గరికి వెళ్ళేసరికి మా నిదానస్తుడు స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో డబ్బా, చొక్కా మీద పొడి. డబ్బా ఇంచుమించు ఖాళీ.

"ఏటి సేసేది?" అన్నాడు మా ఇద్దరి ముఖాలూ చూసి. "లోపల ఏటవుతందో తెలీక కంగారేసింది. గెలిసినారా, ఓడినారా?"

అమ్మాయి అడుగున మిగిలిన నాలుగు ముక్కలు ఏరుకుని ఒకటి నా నోట్లో పెట్టింది.