ఇంజను చల్లారేదాకా

మా కార్ఖానాలో జనరేటర్ బాగుచేయడానికి ఒక మిస్త్రీ వచ్చేవాడు. పని అయిపోయాక చాయ్ తాగుతూ ప్రతిసారీ అవే నాలుగు మాటలు చెప్పి పోయేవాడు. బెల్టు తిరుగుతున్నప్పుడు మెడలో తువ్వాలతో దగ్గరికి పోవద్దు. లోపల చెయ్యి పెట్టేవాడు తాళంచెవి తన జేబులోనే ఉంచుకోవాలి. పొగ గొట్టం ఎప్పుడూ బయటికే ఉండాలి. నాలుగోది కాస్త పెద్దది. ఇంజను వేడెక్కి ఆగిపోతే అరగంట దాకా రేడియేటర్ మూత ముట్టకూడదు. చల్లారాక కూడా దాని మీద మందపాటి గుడ్డ వేసి, కొంచెమే తిప్పి, మిగిలిన ఆవిరి పోనిచ్చి, అప్పుడు తీయాలి. "ఆధా ఘంటా హాత్ నక్కో లగావ్," అని వేలు ఊపుతూ చెప్పేవాడు, అరగంట చెయ్యి పెట్టొద్దని.

ఆయన మాట మేమంతా శ్రద్ధగానే విన్నాం. విని, ఆ నాలుగోదాంట్లో సగం మరిచిపోయాం. అరగంట పోయింది, గుడ్డ మిగిలింది. పొద్దున లేస్తే టవళ్లు నేసేవాళ్లకు గుడ్డ సంగతి చెబితే ఇంకేం గుర్తుంటుంది?

మా కార్ఖానా అన్నాను గానీ అది మాది కాదు, మాలక్‌ది. మా తెలుగు నేతగాళ్లు ఎన్నడో వలసొచ్చి స్థిరపడ్డ ఈ మరాఠీ ఊళ్లో, భవాని పేటలో, కొంతం చౌక్ నుంచి నడిస్తే పది నిమిషాలు. రేకుల కప్పు కింద ఎనిమిది మరమగ్గాలు, వెనక గోడ వారన జనరేటర్. నాయిన అందులో రెండు మగ్గాలు నడిపేవాడు. నేను బయట అరుగు మీద కుట్టుమిషన్ వేసుకుని, ఆ నేసిన టవళ్లకు అంచులు కుట్టేదాన్ని. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. నాకు నోరెక్కువ అని పేటంతా అంటారు, అబద్ధమేమీ కాదు. ఎనిమిది మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటున్నా అరుగు మీది నుంచి నేను పిలిస్తే లోపల వినబడేది.

నాయినకు తన టవల్ అంటే మహా గర్వం. కొత్త నూలు వచ్చినప్పుడల్లా మొదటి టవల్ కొస ఒకటి పళ్లెంలో నీళ్లకు తాకించి, అవి ఎంత తొందరగా పైకి పాకుతాయో చూసేవాడు. పళ్లెం ఖాళీ అయితే ఆయన మొహం వెలిగిపోయేది. "నీళ్లు తాగనిది టవలేంది? దాన్ని కిటికీకి కట్టుకోవాలె," అనేవాడు. ఎవరింటికి పెళ్లికి పోయినా చేతులు కడుక్కుని, అక్కడి టవల్ నలిపి చూసి పెదవి విరిచేవాడు. అమ్మకు తల కొట్టేసినట్టయ్యేది.

ఆయన దగ్గర చూడాల్సిన పని ఇంకోటి ఉంది, తెగిన పోగు అతకడం. మగ్గం ఆపి, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మాత్రమే కదిలించి, పక్కవాడితో నవ్వుతూ మాట్లాడుతూనే ముడి వేసి మగ్గం మళ్లీ ఊపేవాడు. ముడి ఎక్కడుందో వేలితో తడిమినా దొరికేది కాదు. మమ్మల్ని పెంచింది ఆ రెండు వేళ్లే. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది.

జనరేటర్ చూసుకునే మనిషి పని మానేసి పుణె పోయాక ఆ పని కూడా నాయిన నెత్తిన పడింది. నెత్తిన పడిందనడం కంటే ఆయనే నెత్తికెత్తుకున్నాడనాలి. దానికి పోసే నీళ్లతోనే చిక్కు. మాకు నల్లా నాలుగు రోజులకో, అయిదు రోజులకో ఒకసారి వస్తుంది. ఆ నీళ్లు తాగడానికి, వండుకోవడానికి. ఇంజనుకు పోసేది బోరు నీళ్లు. ఆ నీళ్లు కాచిన గిన్నెకు అడుగున తెల్లటి చెక్కు కడుతుంది, ఎంత తోమినా పోదు. రేడియేటర్ లోపలా అదే చెక్కు. అందుకే అది అస్తమానం వేడెక్కేది. లోపల కడిగించాలని మిస్త్రీ చెప్పాడు. సీజన్ అయ్యాక చూద్దామన్నాడు మాలక్. మా మాలక్ సీజన్ ఎప్పుడు అయిపోతుందో ఆ దేవుడికి కూడా తెలియదు.

ఆ రోజు ఎండాకాలం, మధ్యాహ్నం. పొద్దుటి నుంచి కరెంటు లేదు. సాయంత్రానికి ఒక హోటల్ వాళ్ల సరుకు టెంపోలో ఎక్కాలి. ఒంటిగంట దాటాక వేడి చూపే ముల్లు ఎరుపులోకి పోయిందని నాయిన ఇంజను ఆపాడు. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోతే ఆ నిశ్శబ్దం మాకు అలవాటు లేనిది, ఎవరికీ కాలు నిలవదు. అందరూ మగ్గాలు వదిలి జనరేటర్ చుట్టూ చేరారు. నాయిన బోరు నీళ్ల బిందె తెచ్చిపెట్టుకున్నాడు. నన్ను గరాటు తెమ్మన్నాడు. తెచ్చి ఆయనకు ఎదురుగా, రేడియేటర్‌కు ఇటువైపు నిలబడ్డాను.

"నాయినా, అరగంట ఆగు. మిస్త్రీ ఏం జెప్పిండు?" అన్నాను.

"మిస్త్రీకేంది, చాయ్ తాగి పోతడు. నాలుగింటికి టెంపో వస్తది. నీ అరగంట ఎవడిస్తడే?"

"మూత ముట్టకు. మస్తు వేడి మీదుంది."

"నీ నోటి కంటే వేడి లేదు గని, ఒక టవల్ ఇటియ్యి."

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. నాకు రోషం పొడుచుకొచ్చింది. అక్కడే మేకుకు నూనె తుడిచే పాత లుంగీ ముక్క వేలాడుతోంది. అది చాలా పలుచన. నేను విసవిసా అరుగు మీదికి పోయి, హోటల్ సరుకులోంచి అన్నిటికంటే మందమైన టవల్ ఏరి, నాలుగు మడతలు వేసి తెచ్చి, మళ్లీ నా చోటనే నిలబడ్డాను. కోపంలో కూడా ఆయన చెయ్యి కాలకూడదనే ఏరాను. నోటితో మాత్రం "ఇగో, తీసుకో. చెయ్యి గాలితే నా కాడికి రాకు," అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను.

ఆయన టవల్ వేసి మూత తిప్పాడు. కొంచెమే తిప్పాననుకుని ఉంటాడు. బుస్సుమని మూత లేచి టవల్లోకి తన్నింది. టవల్ ఒక్క క్షణంలో నల్లగా తడిసిపోయింది. సలసల కాగుతున్న నీళ్లన్నీ అది తాగేస్తోంది. నాయిన చెయ్యి వెనక్కి లాక్కోవాల్సింది పోయి, ఆ తడిసిన టవల్‌ను ఇంకా గట్టిగా అదిమిపట్టాడు. కళ్లు మూసుకుని, పళ్లు బిగించి అదిమిపట్టాడు. "వదులు నాయినా, వదులు!" అని నేను అరుస్తూనే ఉన్నాను. మగ్గాల మోతను దాటి వినబడే గొంతు నాది. అంత నిశ్శబ్దంలో అది దేనికీ పనికిరాలేదు. బుస తగ్గేదాకా ఆయన వదల్లేదు.

తర్వాత నేను చేసింది ఇంకా ఘోరం. టవల్ ఆయన చేతికి అంటుకుపోయింది. పట్టి లాగాను. దానితో పాటు ఏం వచ్చిందో నేను రాయను.

కాలిన చేతి మీద చల్లటి నీళ్లు ధారగా పోయాలని నాకు తెలుసు. ధార ఎక్కడిది? నల్లా వచ్చి నాలుగు రోజులైంది. డ్రమ్ములో ఉన్నవి బోరు నీళ్లు. రేకుల కింద అవి కూడా స్నానానికి కాచినట్టున్నాయి. నేను వీధిలోకి పరుగెత్తి కేకలు పెట్టాను. ఇంటింటి నుంచీ ఆడవాళ్లు వచ్చారు. ఒకామె పసుపు తెచ్చింది, ఒకామె పేస్టు తెచ్చింది. వద్దు పొమ్మని ఇద్దరినీ తిట్టాను. "కుండల నీళ్లు తెండ్రి, కుండల నీళ్లు," అన్నాను. ఎవరి ఇంట్లోనూ సగం కుండ కంటే ఎక్కువ లేదు. రేపు నల్లా వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. అయినా తలా ఒక చెంబు తెచ్చారు. ఆ చెంబులతో ఒకరి తర్వాత ఒకరం ఆయన చేతి మీద పోశాం. పోసిన నీళ్లు నేల మీద కారిపోతుంటే ఒక పిల్ల గిన్నె పెట్టి పట్టబోయింది, వాళ్లమ్మ వీపు మీద ఒక్కటి వేసింది.

పక్కింటి ముసలమ్మ బీడీల కోసం నానబెట్టిన ఆకులు దోసెడు పట్టుకొచ్చి, చలువ చేస్తాయి, చేతికి చుట్టమంది. నాయిన వాటిని చూసి, ఆ నొప్పిలో కూడా, "చేతులు గాలినంక ఆకులు అంటే ఇదేనే," అని నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. నాయిన ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. ఎటు చూడాలో తెలియక చెంబు వైపు చూశాను.

ఆటోలో సర్కారు దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరు చిన్నవాడు, మరాఠీ అతను, మెత్తగా మాట్లాడాడు. వేడి మీద మూత తీయడమే తప్పన్నాడు. అయితే ఒట్టి చేతి మీద పడ్డ నీళ్లు జారిపోతాయి, టవల్ వాటిని పీల్చుకుని చర్మానికి అదిమిపెట్టింది, ఎంత మందమైతే అంత సేపు కాల్చింది, అందుకే గాయం ఇంత లోతన్నాడు. టవల్ ఎవరిచ్చారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు నాయిన మరాఠీలో, నేనే తీసుకున్నానని చెప్పాడు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. మూసుకోకుండా ఉండాల్సింది. నిజం చెప్పి ఉంటే చెయ్యి బాగయ్యేది కాదు గానీ, ఇన్నాళ్లూ అది నా లోపల ఇలా ఉడికేది కాదు.

చర్మం మానేసరికి వానాకాలం వచ్చింది. మానింది గానీ బిగుసుకుంది. వేళ్లు లోపలికి వంగిపోయాయి, బొటనవేలు చూపుడువేలిని తాకదు. రెంటికీ మధ్య ఒక బీడీ పట్టేంత సందు మిగిలింది. దాన్ని కలపడానికి రోజూ పొద్దున్నే పనికిరాని నూలు ఉండచుట్టి పిసికేవాడు. చెమటలు కారేవి. నేను ఎదురుగా కూర్చుని అన్నం కలిపి ముద్దలు పెడుతూ రోజూ తిట్టేదాన్ని. "వదులుమని అంత మొత్తుకున్న. ఎందుకు వదల్లే? ఎందుకంత మొండితనం?" ఆయన ముద్ద నములుతూ ఉండేవాడు. "ఊకో బిడ్డా, తినేటప్పుడు," అనేది అమ్మ. నేను ఊరుకునేదాన్ని కాదు. తప్పు నాదైనప్పుడు ఎదుటివాడిని తిట్టడం సుఖంగా ఉంటుంది.

నాలుగు నెలలకు నాయిన కార్ఖానాకు మళ్లీ వచ్చాడు. మాలక్ రేడియేటర్ కడిగించాడు, గోడ మీద సున్నంతో అరగంట ఆగమని రాయించాడు కూడా. ఆ రాత కిందే నిలబడి పది నిమిషాలకు మూత మీద చెయ్యి వేసేవాళ్లను చూశాను. అరిచాను. "ఆగినం గదక్కా, నువ్వు మరీ చేస్తవు," అన్నారు. వాళ్లకు చెయ్యి చూపించమని నాయినను అడిగాను. ఆయన చేతిని జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయనకు ఒకే మగ్గం ఇచ్చారు. నడపడం వస్తుంది, ఆపడం వస్తుంది. పోగు తెగితే మాత్రం నిలబడిపోవాలి. మొదటి రోజు పక్క మగ్గం అతను పిలవకముందే వచ్చి అతికాడు. మూడో రోజుకు పిలిస్తే వచ్చాడు. వారం తిరిగేసరికి, తన మగ్గం రెండుసార్లు ఆగాక, విననట్టు అటు తిరిగాడు. అతన్ని తప్పుపట్టలేను. నాయిన కాసేపు ఆ తెగిన పోగు ముందు నిలబడి, అరుగు దాకా వచ్చి నా భుజం తట్టాడు.

"జర రా బిడ్డా. నువ్వు అతుకు, నేను చెప్త."

అంచులు కుట్టే వేళ్లు నావి. పోగు పట్టుకోవడం ఎన్నడూ రాలేదు, చిన్నప్పుడు నేర్పబోతే పారిపోయినదాన్ని. మిగతా ఏడు మగ్గాలు మోగుతున్నాయి. నాయిన నా చెవి దగ్గర నోరు పెట్టి, ఇటు తిప్పు, కింది నుంచి తియ్యి, గట్టిగ గాదు మెల్లగ, అని చెబుతున్నాడు. ముడి పడలేదు. మళ్లీ పడలేదు. విసుగొచ్చి తన చేత్తోనే నా వేళ్లు సరిచేయబోయాడు. ఆ వంకర వేళ్లు నా వేళ్ల మీద పడి, పట్టు దొరక్క జారిపోయాయి. ఆయన చెయ్యి తీసేసుకున్నాడు.

నాకు దుఃఖం ఆగలేదు. నా దుఃఖం ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది. "ఆ రోజు వదిలేస్తే ఈ తిప్పలు లేకుండె గద నాయినా! ఎందుకు వదల్లే?" అని ఆయన చెవిలో అరిచాను.

ఆయన నా మొహం వైపు కూడా చూడలేదు. కళ్లు పోగు మీదే ఉన్నాయి.

"వదిలితే నీ మొకం మీద పడుతుండె. ఎదురుంగ నిలబడితివి గద," అన్నాడు. "నా దిక్కు జూస్తవేందే, పోగు జూడు. ఎడమ కొస కిందికి రావాలె."

కిందికి తెచ్చాను. పోగు మళ్లీ జారిపోయింది.