గోళ్లు చూసి గుర్తుపట్టే పెద్దమ్మ

మా పెద్దమ్మ మనుషుల్ని గోళ్లు చూసి గుర్తుపడుతుంది. ముఖాలతో ఆవిడకు పనిలేదు. తలుపు కొడితే "ఎవరూ?" అనదు. ఓరగా తీసి, "చెయ్యి పెట్టు" అంటుంది. నేను సందులోంచి వేళ్లు దూరిస్తే, "నువ్వట్రా! మళ్లీ కొరికావూ?" అంటూ తీస్తుంది. పోస్ట్‌మన్ పేరు పదేళ్లయినా ఆవిడకు తెలియదు. ఆయన "ఉంగరం వేలి గోరు చీలినాయన", అంతే.

ముప్ఫై ఏళ్లు టైపు నేర్పింది. గోరు పెరిగితే వేలు మీట మీంచి జారుతుందని రోజూ పిల్లల వేళ్లు తనిఖీ చేసేది. టైపు మిషన్లు పోయాయి, తనిఖీ మాత్రం పోలేదు.

ఒకసారి బజార్లో ఎవడో ఆవిడ చేతిసంచి లాక్కుపోయాడు.

"వాడి ముఖం ఎలా ఉందమ్మా?" అన్నాడు పోలీసు.

"ముఖం చూడలేదు నాయనా. గోళ్లు మాత్రం గుండ్రంగా, శుభ్రంగా కత్తిరించుకున్నాడు. మంచి ఇంట్లో పెరిగినవాడే."

పోలీసు రాసుకోవడం మానేశాడు. "మీ బొటనవేలికి నీళ్లు తగలనివ్వకండి, గోరుచుట్టు లేస్తోంది" అని పెద్దమ్మే ఆయనకు చెప్పి వచ్చేసింది.

ఇంటికి ఎవరొచ్చినా ముందు గోరువెచ్చని నీళ్ల బేసిన్‌లో పది నిమిషాలు చేతులు పెట్టాలి. తర్వాత తువ్వాలుతో అద్దాలి, తుడవకూడదు. గోరు మొదట్లో ఒక్కో నూనె చుక్క. ఆ పైన సన్నటి ఆకురాయి. "ఒకే వైపు, ఒకే వైపు! అది గోరు, దుంగ కాదు!" మా బావ ఒకసారి పోట్లాటకే వచ్చాడు. చేతులు నీళ్లలో ఉంటే వేలెత్తి చూపించడం కుదరక, నవ్వేసి వెళ్లిపోయాడు.

ఇక ఆవిడ గోళ్లంటారా, పొట్టు తీసిన బాదం గింజలే. ఎండలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకునేది. అంత మురిపెం.

పక్క వాటాలో ఒక అమ్మాయి ఉండేది. క్యాంటీన్లో గిన్నెలు తోమే పని. సోడాపొడికి అరచేతులు పగిలి, వేళ్ల మీద చర్మం పీచులా లేచిపోయింది. కుట్టుపని అద్భుతంగా వచ్చు. పట్టుబట్టలు కుట్టేచోట పని అడగడానికి వెళితే, అక్కడి మేస్త్రమ్మ సూదీ దారం ఇవ్వకముందే ఒక పట్టుగుడ్డ ఆ అమ్మాయి వేళ్ల మీంచి లాగింది. నాలుగు పోగులు లేచాయి.

"మూడు వారాల తర్వాత ఇంకొక్కసారి రమ్మన్నారు పిన్నిగారూ. అదే ఆఖరట."

"అయితే మూడు వారాలు గిన్నె ముట్టుకోకు."

"బాగుంది! ఒక్కరోజు మానేస్తే ఇంకొకర్ని పెట్టేసుకుంటారు. ఈ పనీ పోయి ఆ పనీ రాకపోతే అమ్మా నేనూ ఏం తినాలి?"

"నీ బదులు ఒక మనిషిని మాట్లాడాను. నువ్వొచ్చేదాకా చేస్తుంది. పెట్టు చేతులు బేసిన్లో!"

ఎవరా మనిషి అని ఎంత అడిగినా చెప్పలేదు. ఆ అమ్మాయికి పొద్దున నీళ్లు, సాయంత్రం నూనె సాగాయి. ఈ మధ్యలో పెద్దమ్మకు కొత్త పిచ్చి పట్టింది. ఎప్పుడు చూసినా తెల్లటి నూలు గ్లౌజులు.

"ఇంట్లో గ్లౌజులేంటి పెద్దమ్మా?"

"నూనె ఇంకాలి."

"నాలుగు రోజులుగా ఇంకుతోందా?"

"మంచి నూనెరా. నిదానంగా ఇంకుతుంది. నీ పని చూసుకో."

మధ్యాహ్నాలు వెళితే తలుపుకి తాళం. వాకింగ్ అంది. మిట్టమధ్యాహ్నం వాకింగ్ ఏమిటని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ రోజు రానే వచ్చింది. అమ్మాయి పరుగున వచ్చి తలుపు సందులోంచి పది వేళ్లూ పెట్టింది. "ఒక్క పోగు కూడా లేవలేదు పిన్నిగారూ! రేపట్నుంచే రమ్మన్నారు!"

వెనకే క్యాంటీన్ యజమాని వచ్చాడు. అమ్మాయికి శుభాకాంక్షలు చెప్పడానికి కాదు. పెద్దమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మగారూ, ఈ పిల్ల ఎలాగూ రాదు. మీరైనా ఉండిపోండి. మా క్యాంటీన్ పెట్టాక పెనం వెనకవైపు తళతళలాడడం ఇదే మొదటిసారి."

అమ్మాయి దగ్గరికొచ్చి గ్లౌజులు లాగేసింది. బాదం గింజల్లో మూడు విరిగాయి. మిగతావి అరిగాయి. వేళ్లు ముడుతలు పడి, పగిలాయి.

"మీరా పిన్నిగారూ ఆ మనిషి!"

"గోళ్లే కదే, పెరుగుతాయి" అని పెద్దమ్మ విసుక్కుంది. అంతలో ఆవిడ చూపు యజమాని చేతుల మీద పడింది. "ఇదేమిటయ్యా? ఈ గోళ్లతోనా వడ్డిస్తున్నావు? కూర్చో!"

రెండో నిమిషంలో ఆయన చేతులు బేసిన్లో ఉన్నాయి. పెద్దమ్మ ఆకురాయి కోసం వెతుక్కుంది. అది అమ్మాయి చేతిలో ఉంది. అమ్మాయి ఆవిడ చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, విరిగిన మొదటి గోరు పట్టుకుంది.

"ఇలా ఇవ్వవే, నేను చేసుకోగలను..."

"కదలకండి. ఒకే వైపు, ఒకే వైపు."

పెద్దమ్మ రెండో చెయ్యీ చాపింది. అప్పుడే తలుపు చప్పుడైంది. నేను ఓరగా తీసి, "చెయ్యి పెట్టండి" అన్నాను. ఉంగరం వేలి గోరు చీలినాయన ఉత్తరం తెచ్చాడు.