గాలి పట్టిన జీపు

నా చిన్నప్పుడు కౌకూర్‌లో మా బాపు జీపు నడిపేవాడు. మామూలు రోజుల్లో బొల్లారం నుంచి మేడ్చల్ దాకా షేరు కిరాయిలు. ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్ ఉన్న ఆదివారం మాత్రం అది మా ఊరి టీమ్ బండి. నేను ముందు సీట్లో, గేరు రాడ్ పక్కన ఇరుక్కుని కూర్చునేదాన్ని. ఆడపిల్లకు ఈ ఆటల పిచ్చేమిటని అవ్వ సణిగినా బాపు నన్ను దింపేవాడు కాదు.

మా ఊళ్లో ఆడేవాళ్లు పదకొండు మందైతే, ఆట నేర్పేవాళ్లు ఊరంతా. జీపుల అడ్డా ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ బెంచీల మీద, జన్మలో బంతిని తన్నని పెద్దమనుషులు కూడా ఎవరు ఎవరికి పాస్ ఇవ్వాల్సిందో, రెఫరీ కళ్లు ఎక్కడ పెట్టుకున్నాడో తేల్చేసేవారు. ఒక్క సంగతిలో మాత్రం అందరిదీ ఒకటే మాట. మా పక్కింటి అన్న లేకపోతే మా టీమే లేదు. గోల్ కొట్టేది అతనే. తండ్రి లేడు, తల్లి గంపలో కూరగాయలు పెట్టుకుని అమ్మేది. సర్కారు డిపార్టుమెంటు టీమ్‌లోకి తీసుకున్నారంటే ఆటతో పాటు నౌకరీ కూడా వస్తుంది. ఆ ఇంటికి ఉన్న ఆశంతా అన్న కాళ్లలోనే ఉంది.

అంత మంచి ఆటగాడికీ ఒక పిచ్చి ఉండేది. గెలిచిన రోజు చొక్కా విప్పి, జీపు టాపు మీద నిలబడి దాన్ని తిప్పుతూ ఊళ్లోకి వచ్చేవాడు. ఆడినవాడే పైకెక్కాక చూసినవాళ్లు కింద కూర్చుంటారా? కొందరు టాపు మీద, కొందరు వెనక నిచ్చెనకు వేలాడుతూ, చివరికి అదే మా ఊరి రివాజు అయిపోయింది.

ఒకసారి శామీర్‌పేటలో గెలిచి వస్తున్నాం. చెరువు దగ్గరి మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. బాపు స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పేసరికి నా వైపు చక్రం నేలను వదిలేసింది. మళ్లీ దభీమని ఆనింది. పైనున్నవాళ్లు అదీ ఒక తమాషా అనుకుని ఈలలు వేశారు. బాపు మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు హోటల్ దగ్గర మెల్లగా చెప్పి చూశాడు, ఇకనుంచి టాపు మీద ఎవరూ వద్దని. అందరూ నవ్వారు. "ఏంది కాకా, గింతదానికే పరేషాన్ అయితవు! ఇన్నేండ్ల సంది ఎక్కుతలేమా?" అన్నాడు అన్న కూడా. బాపు మెత్తటి మనిషి. నలుగురు నవ్వితే నోట్లో మాట నోట్లోనే ఉండిపోయే రకం. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం ఉంటే, అది అక్కడే.

ఆ ఏటి చివరి లీగ్ మ్యాచ్ మేడ్చల్‌లో. అన్న ఆట చూడడానికి డిపార్టుమెంటు టీమ్ వాళ్లు వస్తున్నారని ముందే కబురు వచ్చింది. పొద్దున్నే జీపు చుట్టూ జాతర. వెళ్లేటప్పుడే టాపు నిండిపోయింది, నడుమ జెండా పట్టుకుని అన్న. మేడ్చల్ రోడ్డంతా లారీలే. బాపు పైకి ఒకసారి చూసి, ఏమీ అనకుండా బానెట్ ఎత్తాడు. పానాతో డీజిల్ పైపు నట్టు వదులు చేయడం నేను సీట్లోంచి చూశాను. ఆయన నన్ను చూశాడు. నోరు మెదపొద్దని కళ్లతోనే చెప్పాడు.

వదులైన నట్టు సందులోంచి గాలి చొరబడి బండి స్టార్ట్ కాలేదు. పైపులో గాలి పట్టింది, ఇప్పట్లో కదలదు, చూసేవాళ్లంతా బస్సు పట్టుకుని పొండి అన్నాడు బాపు. వాళ్లు అటు పోగానే నట్టు బిగించి, చేతి పంపుతో గాలి తీసేసి, ఆటగాళ్లను లోపల కూర్చోబెట్టుకుని వెళ్లిపోవాలని ఆయన ఉపాయం. చాలామంది తిట్టుకుంటూ బస్సుకు పోయారు కూడా. కానీ ఆత్రం పట్టలేని అన్న టాపు దిగి డ్రైవర్ సీట్లోకి దూరాడు. బాపు వద్దు వద్దంటున్నా ఆగకుండా సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టాడు. బాపు నట్టు బిగించి గాలి తీసేసరికి బ్యాటరీ చచ్చిపోయింది. అందరూ దిగి ఎండలో తోశారు, మరీ గట్టిగా తోసింది అన్నే. ఆఖరికి బండి లేచింది. మేడ్చల్ గ్రౌండ్‌కు చేరేసరికి రెఫరీ మ్యాచ్‌ను అవతలి టీమ్‌కు రాసేసి వెళ్లిపోతున్నాడు. అన్నను చూడవచ్చినవాళ్లు అప్పటికే పోయారు.

తర్వాత హోటల్ బెంచీల మీద బాపుకు రోజూ అక్షింతలే. డొక్కు బండి అన్నారు, అవతలివాళ్ల దగ్గర పైసలు తిన్నాడన్నారు. అన్న మాత్రం వాళ్ల మీదికి లేచేవాడు. "మిషిన్ గది, ఎప్పుడు ఆగుతదో ఎవనికెరుక? కాకను అనకుండ్రి." తిట్లన్నీ దులిపేసుకున్న బాపు ఆ ఒక్క మాటకు కుంగిపోయాడు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. అన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. బాపు నిలబడే, చక్రం లేచిన సంగతి మొదలుకొని నట్టు దాకా మొత్తం చెప్పాడు. అన్న అరుస్తాడని నేను బాపు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అతను అరవలేదు. ఇంత మాత్రం అన్నాడు:

"నా గల్ల వట్టి గుంజితే దిగుతుంటి గదనే కాకా. ఒక్కసారి గట్టిగ అనకపోతివి."

నిజంగానే బాపు ఒక్కసారి కూడా గట్టిగా అనలేదు. ఒట్టి నవ్వులకు జంకి, మంచి పనిని దొంగతనంగా చేశాడు.

అన్న ఆ నట్టు సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. డిపార్టుమెంటు వాళ్లు మళ్లీ రాలేదు. రెండు మూడేళ్లలో అతనికి వాళ్లు తీసుకునే వయసు దాటిపోయింది. శామీర్‌పేట దగ్గర కోళ్ల ఫారంలో గుడ్ల ట్రేలు ఎత్తే పనికి కుదిరాడు. ఆ తర్వాత కూడా టీమ్‌ను తీసుకెళ్లమని అతనే వచ్చి పిలిచాడు కానీ బాపు ఒప్పుకోలేదు. బంతి పట్టుకున్న కుర్రాడు ఎదురైతే తల దించుకుని పోయేవాడు. నలుగురి ప్రాణాలు కాపాడానని ఆయన ఒక్కనాడూ అనుకోలేదు. ఒకడి బతుకు చెడగొట్టానన్నదే చివరిదాకా ఆయన బాధ. నిజానికి రెండూ జరిగి ఉండవచ్చు. జరగని ప్రమాదానికి సాక్ష్యం ఎవరు చెబుతారు?

ఇప్పుడు నేను బడిలో పాఠాలు చెబుతాను. పిల్లలను ఆటల పోటీలకు తీసుకెళ్లే బాధ్యత నాదే. గెలిచిన రోజు వాళ్లు బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ కేకలు పెడతారు. ఆ సంతోషం పాడుచేయడానికి నాకూ నోరు రాదు, టీచరమ్మ భయస్తురాలని నవ్వుతారనీ తెలుసు. సరిగ్గా అప్పుడే ఆ గడప మీది మాట గుర్తొస్తుంది. బండి ఆపించి, దిగి, గట్టిగా చెబుతాను. మూతులు ముడుచుకుంటారు, గొణుక్కుంటారు. కానీ లోపలికి వచ్చి కూర్చుంటారు. ఇంత తేలిగ్గా వింటారని బాపుకు తెలియకుండానే పోయింది.